మీరు కూర్చోండి, నేను చేస్తా

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, వయసు మీద పడినా మనం ముందుగా చేసే పని వాళ్ల చేతిలోని పని లాగేసుకోవడం. నాన్న మంచినీళ్ల కోసం లేవబోతే "మీరు కూర్చోండి, నేను తెస్తా" అంటాం. అమ్మ వంటింట్లోకి వస్తే "ఇప్పుడు నీకెందుకమ్మా ఇవన్నీ, వెళ్లి పడుకో" అంటాం. ప్రేమతోనే అంటాం. వినేవాళ్లకూ మొదట్లో హాయిగానే ఉంటుంది. అదే రోజూ, పూటపూటా సాగితే కాళ్లలో సత్తువ పోతుంది, చేతుల్లో ఒడుపు పోతుంది, ఆఖరికి లేచి నిలబడగలనన్న ధైర్యమూ పోతుంది. జబ్బు లాక్కున్నది కొంతయితే, మన ముద్దుమురిపాలు లాక్కునేది ఇంకొంత. మొదటిదాన్ని ఆపడం చాలాసార్లు మన చేతిలో ఉండదు. రెండోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. అందుకే దాని గురించి ఇంత గట్టిగా రాస్తున్నాను.

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా ఇంట్లో ఉండేది ముగ్గురం. ముగ్గురికీ ఏదో ఒక జబ్బు ఉంది. నాన్నకు ఎనభై దాటాయి, పార్కిన్సన్స్ ఉంది. అమ్మకు షుగర్, పైగా తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి బిగుసుకుపోయే కీళ్లవాతం. వాళ్లిద్దరినీ చూసుకునేదీ నేనే, హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదీ నేనే.

నాన్న ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యారు. సికింద్రాబాద్ నుంచి జూపార్క్ వైపు వెళ్లే డబుల్ డెక్కర్ బస్సుల్లో కూడా డ్యూటీ చేశారు. భుజానికి క్యాష్ బ్యాగు, చేతిలో టికెట్ల కట్టలు, జనం మధ్యలోంచి ముందుకూ వెనక్కూ నడక, పైఅంతస్తుకు మెట్లెక్కడం, దిగడం. బస్సు ఊగుతుంటే ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడి చిల్లర లెక్కపెట్టేవారు. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం సరిగ్గా ఇలాంటి బస్సుల మీదే ఒక పరిశోధన ప్రచురించారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రోజూ వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని వాళ్లు లెక్కలతో చూపించారు. ఒంటి కదలికకూ గుండెకూ సంబంధం ఉందని చూపిన తొలి పెద్ద పరిశోధనల్లో అదొకటి. నాన్న జన్మలో ఒక్కరోజు కూడా వ్యాయామం అని చేసిన మనిషి కాదు. ఆయన ఉద్యోగమే ఆయన్ను కదిలించింది.

రిటైరయిన రోజున దండలు వేసి, శాలువా కప్పి, "ఇన్నేళ్లు నిలబడే బతికారు, ఇక హాయిగా కూర్చోండి" అన్నారు అందరూ. ఆయన కూర్చున్నారు. కుర్చీ, టీవీ, పేపరు. జబ్బు తర్వాత ఎప్పుడో వచ్చింది, కాళ్లు సన్నబడటం మాత్రం ఆ కుర్చీలోనే మొదలైంది. మన దగ్గర రిటైర్మెంటు అంటే కాలు కదపకుండా అన్నీ మంచం దగ్గరకే రావడం గొప్పగా చూస్తారు. కోడలు గ్లాసు అందిస్తే, కొడుకు చెప్పులు తెచ్చిపెడితే అదృష్టవంతులంటారు. శరీరానికి ఆ మర్యాద తెలియదు. వాడని కండను అది ఉంచుకోదు.

ఎంత తొందరగా పోతుందో తెలిస్తే భయం వేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధన 2007లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. ఆ పది రోజుల్లోనే వాళ్ల కాళ్లలోంచి దాదాపు కిలో కండ తగ్గిపోయింది. వాళ్లకు ఏ జబ్బూ లేదు, కేవలం పడుకున్నారు, అంతే. మన ఇళ్లలో వైరల్ జ్వరం వచ్చి తగ్గాక కూడా "నీరసంగా ఉన్నారు, ఇంకో వారం పడుకోనీ" అంటాం. ఆ వారం తర్వాత బాత్రూమ్‌కు వెళ్లడానికి మనిషి సాయం కావాల్సి వస్తే జ్వరం బాగా పీల్చేసిందనుకుంటాం.

ఇదే లెక్క అటునుంచి కూడా పనిచేస్తుంది. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసున్న, బాగా బలహీనపడిన పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. ఒకరు మధ్యలో మానేశారు. పూర్తిచేసిన తొమ్మిది మందిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఈ వయసులో ఇంకేం వస్తుందిలే అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ తొమ్మిది మందే.

పార్కిన్సన్స్‌లో వణుకు అందరికీ కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లను ఏడిపించేది వణుకు కాదు, ఆగిపోవడం. నాన్న హాల్లో బాగానే నడుస్తారు. పడకగది గడప దగ్గరకు వచ్చేసరికి పాదం నేలకు అంటుకుపోతుంది. మడమ లేస్తుంది, వేళ్లు లేవవు, మోకాళ్లు వణుకుతాయి. ఆ క్షణంలో ఎవరైనా చేసే పని చేయి పట్టి ముందుకు లాగడం. అదే చేయకూడనిది. లాగితే ఒళ్లు ముందుకొస్తుంది, పాదం రాదు, మనిషి బోర్లా పడతాడు. అలవాటుగా అడుగులు వేయించే మెదడు భాగం ఈ జబ్బులో దెబ్బతింటుంది. కంటికో చెవికో బయటి నుంచి ఒక గుర్తు అందితే మెదడు మరో దారిలో అదే అడుగు వేయించగలదు. మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఈ సంగతి చెప్పి, గడపకు ఇవతల నేల మీద అడుగు దూరంలో ఒక్కోటి చొప్పున అడ్డంగా టేపు అంటించింది. ఆ గీతల్ని దాటమంటే నాన్న దాటారు. నడవమంటే నడవలేని మనిషి, గీత దాటమంటే దాటారు.

టేపు మోప్‌తో తుడిచేసరికి లేచిపోతోందని అమ్మ ముగ్గుపిండి తడిపి గీతలు వేయడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయే ఆగిపోయినప్పుడు పైకి లెక్కపెట్టమని కూడా నేర్పింది. నాన్నకు అంకెలు కుదరలేదు. ఒకరోజు గడప దగ్గర చాలాసేపు నిలబడిపోయి, నేను దగ్గరకు వెళ్లబోతుంటే "పట్టుకోకు బిడ్డా, నేనే ఏస్తా ఉండు" అన్నారు. ఆగి, తనలో తాను గట్టిగా "రైట్... రైట్" అన్నారు. కుడికాలు లేచింది. ముప్పై ఏళ్లకు పైగా ఎన్ని వేల బస్సుల్ని ఆ మాటతో కదిలించారో, ఇప్పుడు తన కాలును కదిలించుకున్నారు. అన్ని రోజులూ పనిచేయదు. మందు ప్రభావం దిగిపోయిన గంటల్లో ఏ మాటా పనిచేయదు. కానీ ఆ అడుగు ఆయన సొంతం, నేను లాగి వేయించింది కాదు. ఆ తేడా ఆయన ముఖంలో చూశాక మా ఇంట్లో ఎవ్వరూ ఆయన చేయి పట్టి లాగకూడదని కట్టడి చేశాను.

ఇలా వదిలేయడానికి అయ్యే అసలు ఖర్చు సమయం. చొక్కా గుండీలు ఆయనే పెట్టుకుంటే ఎంతసేపు పడుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. గుండీ కాజా దాకా వస్తుంది, వేలు జారుతుంది, మళ్లీ మొదలు. నాకు ఆఫీసు టైమవుతుంటుంది. రెండు నిమిషాల్లో నేను పెట్టేస్తే అందరికీ సుఖం. ఉప్మా కూడా అంతే, చెంచాలో సగం ఒళ్లో పడుతుంది, తినిపిస్తే శుభ్రం. పెద్దవాళ్ల చేతిలోంచి పని లాగేసేది ప్రేమ ఒక్కటే కాదు, తొందర కూడా. ఉద్యోగానికి పరుగెత్తే ఆడవాళ్ల మీదే ఈ భారమంతా పడే ఇళ్లలో ఆ తొందరను నేను తప్పుపట్టలేను. మేము చేసిన సర్దుబాటు ఇది: స్నానం, టిఫిను వేళ మార్చి, మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు, ఒళ్లు కాస్త వదులుగా ఉన్నప్పుడు గుండీల పని పెట్టాం. పెద్ద గుండీలున్న చొక్కాలు కుట్టించాం. చెంచాకు లావు పిడి చుట్టాం. ఏజెన్సీ నుంచి పగటిపూట వచ్చే కేర్‌టేకర్‌కు ముందే చెప్పాం, అన్నం కలిపి పెట్టు, తినిపించకు అని. ఆమెకు అది వింతగా అనిపించింది. వేరే ఇళ్లలో అన్నీ చేసిపెడితేనే మంచి పనిమనిషి అంటారట.

అమ్మ సంగతి వేరు. తుంటికి ఆపరేషన్ అయిన మరునాడే డాక్టర్లు ఆమెను వాకర్ పట్టించి నిలబెట్టారు. చూడటానికి వచ్చిన మా మేనత్త మండిపడింది, "బొక్క ఇరిగిన మనిషిని తెల్లారే నిలబెడ్తరా, గట్లెట్ల చూస్కుంట ఊకున్నవ్ బిడ్డా" అని. అత్తది కోపం కాదు, భయం. కానీ తుంటి ఆపరేషన్ తర్వాత మరునాటి నుంచే నిలబెట్టడం, నడిపించడం ఇప్పుడు చాలాచోట్ల పాటించే పద్ధతి. మంచానికే పరిమితమైతే ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, వీపున పుండ్లు, మతి తప్పి మాట్లాడటం, ఇవన్నీ వరుసగా రావచ్చు. తుంటి విరిగిన పెద్దవాళ్లు పోయారని విన్నప్పుడు మనం ఎముకను తిట్టుకుంటాం, చాలాసార్లు ప్రాణం తీసేది ఆ తర్వాతి మంచమే.

అమ్మ ఇప్పుడు కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవడం అసలే కూడదు. ఎత్తు కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది, నిలబడి పోపు పెడుతుంది. ఉప్పు డబ్బా పై అరలోనే ఉంచమంటుంది, చేయి చాపినట్టు ఉంటుందని. పోపు పెట్టే హక్కు పోతే తను ఇంట్లో చుట్టమైపోయినట్టు ఉంటుందని ఒకసారి అంది. నడక తర్వాత ఆమె షుగర్ లెక్కలు మెరుగ్గా ఉంటున్నాయి. కానీ నాకు ఆ పోపు ఎక్కువ.

ఇక నా ఒళ్లు. పొద్దున లేచేసరికి చేతివేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కుళాయి తిప్పలేను, కుక్కర్ మూత తీయలేను. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి మూస్తూ తెరుస్తూ ఉంటే గంటకో గంటన్నరకో సడలుతాయి. మెతోట్రెక్సేట్ ఈ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకునే మందు. (ఈ జబ్బున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.) అది వేసుకున్న మరునాడు వికారం, నిస్సత్తువ. అలాంటి రోజున ఎవరైనా వాకింగ్ గురించి చెబితే ఏడుపొస్తుంది. అది బద్ధకం కాదు. ఈ జబ్బు తెచ్చే అలసట నిద్రతో తీరదు.

ఒకప్పుడు కీళ్లవాతానికి వైద్యులే వారాల తరబడి మంచం మీద ఉండమనేవారు. కదిలితే కీళ్లు ఇంకా అరుగుతాయనుకునేవారు. 2003లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక పరిశోధన ఆ భయానికి జవాబిచ్చింది. దాదాపు మూడొందల మంది రుమటాయిడ్ రోగులు అందులో ఉన్నారు. వాళ్లలో సగం మంది రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు గట్టిగానే వ్యాయామం చేశారు. వాళ్ల పనిచేసే శక్తి పెరిగింది, చాలామందిలో కీళ్ల అరుగుదల పెరగలేదు. ముందే పెద్ద కీళ్లు బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలని అదే పరిశోధన చెప్పింది. కాబట్టి డాక్టరును అడగకుండా బరువులెత్తమని నేను ఎవరికీ చెప్పను. నేను పాటించే కొలత ఒకటుంది. వ్యాయామం అయ్యాక రెండు గంటలు దాటినా నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే మోతాదు మించిందని అర్థం, మరుసటిసారి తగ్గించుకోవాలి. మణికట్టు వాచి వేడెక్కితే మణికట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. మనిషి మొత్తానికి ఇవ్వనక్కర్లేదు. చేయి వాచిన రోజు కాళ్లు నడవగలవు.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో పద్దెనిమిది దాటినవాళ్లంతా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలని, రెండు రోజులైనా కండరాల వ్యాయామం ఉండాలని, అరవై అయిదు దాటినవాళ్లు మూడు రోజులైనా తూలకుండా నిలబడే శక్తిని పెంచే కదలికలు చేయాలని ఉంది. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లనూ అందులో కలిపారు. అంతకుముందు సూచనల్లో ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అని ఉండేది. 2020లో ఆ షరతు తీసేశారు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో పది నిమిషాలు తెగకుండా దొరకడం ఎంత కష్టమో నాలాంటివాళ్లకు తెలుసు. పాలు పొంగేదాకా మడమలు ఎత్తి దించడం, ఫోన్ మాట్లాడుతూ కారిడార్‌లో తిరగడం, ఆఫీసులో అరగంటకోసారి లేవడం కూడా ఖాతాలో పడతాయని తెలిశాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

అయినా పొద్దున పార్కు నడక నేను వదలను. బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకు వెళ్తుంటే మా బిల్డింగులో కొందరు చూసే చూపు నాకు తెలుసు. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లను పెట్టుకుని ఈవిడ షికార్లకు వెళ్తోందని. తల్లిదండ్రుల్ని చూసుకునే ఆడది తనను తాను అరగదీసుకుంటేనే మంచి కూతురు అనే లెక్కను నేను ఒప్పుకోను. నాన్నను కుర్చీలోంచి లేపేటప్పుడు ఊతమిచ్చేది నా మోకాళ్లు. అమ్మ ఇన్సులిన్ పెన్ను తిప్పేది నా వేళ్లు. ఇవి పోతే ఈ ఇంట్లో ముగ్గురికీ మనిషి కావాలి, ఆ మనిషికి జీతం ఇచ్చే ఉద్యోగమూ ఉండదు. ఇంత ఆర్థిక లెక్క కూడా అక్కర్లేదు, నిజానికి. పార్కులో చెట్ల కింద నేను ఎవరి కూతుర్నీ కాదు, రోగినీ కాదు. ఆ కాసేపు నాకు కావాలి.

పడతారేమో అన్న భయం గురించి మాట్లాడకుండా ఈ వాదన పూర్తికాదు. అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో ప్రతిసారీ చెప్పేది అదే, "అక్కా, నాన్నను ఒక్కరినీ నడవనియ్యకు" అని. వాడి భయం నాకూ ఉంది. అమ్మ తుంటి విరిగింది పడే కదా. కానీ కూర్చోబెడితే పడరనుకోవడం నిజం కాదు. కూర్చుని కూర్చుని కాళ్లు బలహీనపడ్డ మనిషి రాత్రి బాత్రూమ్‌కు లేచి మొదటి మూడడుగుల్లోనే పడతాడు. అందుకే పడే కారణాల్ని తగ్గించాలి. మా బాత్రూమ్ గోడకు కమ్మీలు పెట్టించాం, జారే పట్టాలు తీసేశాం, రాత్రంతా చిన్న లైటు వెలుగుతుంది, పాదాల్లో పడే లుంగీ బదులు నాన్నకు పైజామా వచ్చింది. పార్కిన్సన్స్‌లో లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు కాబట్టి మంచం అంచున కాసేపు కూర్చున్నాకే లేస్తారు. ఇవన్నీ చేసినా పడొచ్చు. ఆ ప్రమాదాన్ని తెలిసే తలకెత్తుకున్నాం, నాన్నను అడిగే ఎత్తుకున్నాం.

ఇంటి గడప దాటాక మరో యుద్ధం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ వైపు ఫుట్‌పాత్ మీద నడవాలంటే ఒకచోట బైకులు, ఒకచోట దుకాణం సామాను, ఇంకోచోట ట్రాన్స్‌ఫార్మర్. వాకర్ పట్టుకున్న మనిషి రోడ్డు మీదకు దిగాల్సిందే. సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి ఇచ్చే సమయం యువకుల కాళ్లకు సరిపోతుంది. కూర్చోవడానికి బెంచీ దొరకదు. ముసలివాళ్ల నడకకు బెంచీ ఎంత అవసరమో రోడ్లు వేసేవాళ్లకు ఎవరైనా చెప్పాలి. మధ్యలో కూర్చునే చోటు ఉందని తెలిస్తే వాళ్లు బయటికి వస్తారు, లేకపోతే రారు.

అందుకే నాన్నతో ఆదివారాలు ఆటోలో వెళ్లి, గేటు దగ్గర దిగి, అక్కడి నుంచి నడుస్తాం. వెళ్లేది చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో కిక్కిరిసి ఉంటుంది. రిటైరయిన కొత్తలో ఆయన పేపర్లు చదివింది అక్కడే. వ్యాయామానికి నడవండి అంటే ఆయన కదలరు. లైబ్రరీకి వెళ్దామంటే అడగకుండానే చొక్కా గుండీలు మొదలుపెడతారు. మనిషికి వెళ్లాల్సిన చోటు ఒకటి ఉండాలి. వ్యాయామం పేరుతో బలవంతంగా గదిలో చుట్లు తిప్పడానికీ దీనికీ పోలికే లేదు.

ఆయన జబ్బు ఆగదు, నాకు తెలుసు. ఈ ఏడాది వేసే అడుగులు వచ్చే ఏడాది వేయకపోవచ్చు. వ్యాయామం పార్కిన్సన్స్‌ను నయం చేస్తుందని ఎవరైనా యూట్యూబ్‌లో చెబితే నమ్మకండి. ఒకరోజు ఆయన మంచానికే పరిమితం కావచ్చు. అప్పుడు కూడా పక్కకు తిరగడం, గ్లాసు తానే పట్టుకోవడం, ముఖం తానే తుడుచుకోవడం ఉంటాయి. వాటిలో ఏది మిగిలితే అది ఆయన చేతిలోనే ఉంచుతాను.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, లేదా ఆ మనిషి మీరే అయితే, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "కొంచెం వాకింగ్ చేయండి" అన్న మాటతో లేచి రాకండి. ఏ కదలిక, ఎంతసేపు, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి, ఏ నొప్పి వస్తే ఆపాలి, ఏ నొప్పి వచ్చినా పర్వాలేదు, ఇవన్నీ అడగండి. ఫిజియోథెరపిస్టు దగ్గరకు చీటీ రాసివ్వమనండి. రాసింది మందుల చీటీలోనే, మాత్రల కిందే ఉండాలని పట్టుబట్టండి. బస్తీ దవాఖానాల్లో వారానికి ఒక్కపూటైనా ఫిజియోథెరపిస్టు కూర్చునేలా చేయమని మీ కార్పొరేటరును, ఎమ్మెల్యేను అడగండి. మా బస్తీలో మేము అర్జీ రాస్తున్నాం. సంతకాలకు నాన్న కూడా వస్తానన్నారు, కిందింటి నుంచి మొదలుపెడదామన్నారు.